పాత కారు స్టీరింగుకు ఏ నూనె?

రథసప్తమినాడు అరసవల్లికి వచ్చే కార్లు గుడికి చాలా దూరముననే బారులు తీరుతాయి. రెండు వాహనముల నడుమనున్న ఇరుకు జాగాలో కారును నిలుపవలసి వచ్చినప్పుడు డ్రైవరు స్టీరింగు చక్రమును ఈ కొసనుండి ఆ కొసకు నాలుగైదుసార్లు తిప్పుతాడు. స్టీరింగుకు అన్నింటికంటె పెద్ద కష్టము ఇక్కడనే ఉన్నది. పరుగెత్తే కారులో టైరు దొర్లుతూ పక్కకు తిరుగుతుంది. నిలిచిన కారులో టైరు నేలను రాచుకొంటూ తిరగవలెను. పైగా ఇంజను బరువు ముందు చక్రములమీదనే ఉంటుంది. పూర్వపు అంబాసిడరును ఏళ్లతరబడి నడిపినవారి భుజములకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈనాడు అదే పని ఒక్క చేతితో అవుతున్నదంటే, బానెట్టు కింద ఒక చిన్న పంపు, దానిలో తిరిగే సుమారు లీటరు నూనె ఆ శ్రమను తమమీద వేసుకొంటున్నవి.

ఈ లీటరు నూనెను గురించి కారు యజమానులు ఆలోచించుట అరుదు. ఇంజను ఆయిలును లెక్క ప్రకారము మార్పిస్తారు. స్టీరింగు ఆయిలు మాత్రము తగ్గినట్లు కనిపించినప్పుడు చేతికందిన డబ్బాలోనిది పోసి మూత పెడతారు. పాత కార్ల స్టీరింగులు చెడుటకు ఈ చేతికందిన డబ్బాయే తరచుగా కారణము.

ముందుగా, కారులో అసలు నూనె ఉన్నదా లేదా అన్నది తెలుసుకొనవలెను. టొయోటా క్వాలిస్, మొదటి తరము ఇన్నోవా, మహీంద్రా బొలెరో, మారుతి ఎస్టీమ్‌లోని పవర్ స్టీరింగు రకములు — ఇవి నూనె ఒత్తిడితో పనిచేసేవి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో అద్దెకు తిరిగే పాత వాహనములలో ఈ జాతివి ఇంకను కనిపిస్తాయి. మారుతి స్విఫ్టు వంటి వాటిలో నూనెకు బదులు విద్యుత్ మోటారు ఉంటుంది. అటువంటి కారు బానెట్టు ఎత్తి స్టీరింగు ఆయిలు డబ్బా కోసము వెదకి, అది కనబడక, పక్కనున్న మరొక డబ్బాలో నూనె పోసినవారు ప్రమాదమును కొనితెచ్చుకొన్నట్లే; ఆ పక్క డబ్బా బ్రేకులది కావచ్చును.

నూనెతో పనిచేసే ఏర్పాటు ఇట్లుంటుంది. ఇంజను తిరుగుతుండగా ఒక బెల్టు పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో ఒక కవాటములోనికి పంపుతుంది. స్టీరింగు కడ్డీ కొసన సన్నని ఉక్కు ఊచ ఒకటి అమర్చి ఉంటుంది. డ్రైవరు చక్రమును తిప్పగానే ఈ ఊచ రవంత మెలి తిరుగుతుంది. ఎటు మెలి తిరిగితే అటువైపు కవాటపు దారులు తెరుచుకొని, నూనె పిస్టనుకు ఆ పక్కకు చేరి దానిని నెడుతుంది. పిస్టను కదలికతో చక్రములు తిరుగుతాయి. డ్రైవరు చెయ్యి ఆగగానే ఊచ మెలిక విడుతుంది, దారులు సమమవుతాయి, నూనె నెట్టుట మానుతుంది. అనగా చెయ్యి ఆజ్ఞ ఇస్తుంది, నూనె చాకిరీ చేస్తుంది.

పదిహేడవ శతాబ్దములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారము. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కితే ఆ పీడనము అన్ని వైపులకు సమముగా వ్యాపిస్తుంది. కారును నిలిపి చక్రము తిప్పునపుడు పీడనము చదరపు సెంటీమీటరుకు 70 కిలోగ్రాముల వరకు పెరుగవచ్చును. పిస్టను వైశాల్యము 8 చదరపు సెంటీమీటర్లనుకొంటే దానిమీద పడే బలము 560 కిలోగ్రాములు. అరచేతిలో సగమైనా లేని వైశాల్యముమీద అరటన్నుకు పైబడిన బలమన్న మాట. ఇంత పీడనమును లోపల పట్టి ఉంచేది ఉక్కు కాదు, కదిలే భాగముల చుట్టూ ఉన్న పలుచని రబ్బరు సీళ్లు. నూనె ఎంపికలోని కీలకమంతా ఈ రబ్బరుమీదనే ఆధారపడి ఉన్నది.

రబ్బరులన్నియు ఒకే జాతివి కావు. పవర్ స్టీరింగు సీళ్లను సాధారణముగా నైట్రైల్ జాతి రబ్బరుతో చేస్తారు. బ్రేకులలోని సీళ్లు ఇ.పి.డి.ఎమ్. అను వేరొక రబ్బరువి. రసాయనశాస్త్రములో ఒక పాత నియమమున్నది: ఒక పదార్థము తన స్వభావమునకు దగ్గరి ద్రవములోనే కరుగుతుంది. ఆముదములో ఉప్పు కరుగదు, నీటిలో కరుగుతుంది. మైనము నీటిలో కరుగదు, కిరసనాయిలులో కరుగుతుంది. ఇ.పి.డి.ఎమ్. రబ్బరు స్వభావములో పెట్రోలియము నూనెకు చుట్టము. ఆ నూనె తగిలితే దానిని లోపలికి పీల్చుకొని ఉబ్బి మెత్తబడిపోతుంది. నైట్రైల్ రబ్బరు అణువులలో విద్యుదావేశపు తారతమ్యము గల భాగములు ఉండుటచేత అది పెట్రోలియము నూనెను దరిచేరనీయదు. కాని బ్రేకు ఆయిలు పెట్రోలియము నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకములు గ్లైకాల్ ఈథర్ల మిశ్రమములు. అవి నైట్రైల్ రబ్బరును పాడుచేస్తాయి.

కనుక బ్రేకు ఆయిలును స్టీరింగులో పోసినా, స్టీరింగు ఆయిలును బ్రేకులో పోసినా చేటు తప్పదు. మొదటి పొరపాటు వలన కొద్ది రోజులలో సీళ్లు చెడి నూనె కారుతుంది, జేబుకు పెద్ద చిల్లు పడుతుంది. రెండవది ప్రాణాంతకము. బ్రేకు మాస్టరు సిలిండరులోని రబ్బరు ఉబ్బితే బ్రేకు పట్టుకొని విడువకపోవచ్చును, లేదా అసలే పట్టకపోవచ్చును. రెండు డబ్బాలు ఒకే బానెట్టు కింద ఉంటాయి. దుకాణములలో దొరికే సీసాలు కూడ ఒకదానికొకటి దగ్గరి పోలికతోనే ఉంటాయి. బ్రేకు డబ్బా మూతమీద డాట్ 3 లేక డాట్ 4 అని ముద్రించి ఉంటుంది. స్టీరింగు డబ్బా మూతమీద స్టీరింగు చక్రపు బొమ్మయో, పవర్ స్టీరింగు అన్న మాటయో ఉంటుంది. పొరపాటున ఏ డబ్బాలో ఏది పోసినను ఇంజను స్టార్టు చేయరాదు, బ్రేకు తొక్కరాదు. పోసినది డబ్బాలో ఉన్నంతసేపు నష్టము చిన్నదే. పైపులలోనికి పోయిన తరువాత దానిని పూర్తిగా రాబట్టుట కష్టము.

ఇక స్టీరింగుకు తగిన నూనెలలోను భేదములున్నవి. దీనికి చారిత్రక కారణమున్నది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1920లలోనే పవర్ స్టీరింగును నిర్మించి చూపించినా, అమ్మకపు కారులో అది మొదట వచ్చినది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. ఆనాటికి అక్కడ తనంత తాను గేర్లు మార్చుకొనే పెట్టెలు వాడుకలోనికి వచ్చినవి. వాటి నూనె పలుచగా ఉండేది, వేడికి ఆగేది, నురుగు తక్కువ. స్టీరింగుకు కావలసిన గుణములు కూడ అవే కనుక చాలమంది తయారీదారులు దానినే స్టీరింగులో పోయించినారు. ఏ.టి.ఎఫ్. అని మెకానిక్కులు పిలిచే ఎర్రని నూనె ఇదే. జనరల్ మోటార్స్ వారి డెక్స్‌రాన్ ప్రమాణములు 1960ల చివరినుండి వచ్చినవి. ఆ తొలినాటి గేరు నూనెలలో ఘర్షణను సవరించుటకు స్పెర్మ్ తిమింగలపు తైలమును కలిపేవారంటే ఈనాటి పాఠకులకు వింతగా ఉండవచ్చును. 1970ల ఆరంభములో ఆ తిమింగలమును రక్షిత జంతువుల పట్టికలో చేర్చుటతో రసాయనజ్ఞులు వేరు ద్రవ్యములు వెదకుకొనవలసి వచ్చినది.

అన్ని కంపెనీలు ఏ.టి.ఎఫ్. బాట పట్టలేదు. టొయోటా మొదటి తరము ఇన్నోవాకు డెక్స్‌రాన్ 2 లేదా 3 చెప్పినది. హోండా తన పాత కార్ల మూతలమీద తన సొంత పవర్ స్టీరింగు ద్రవమునే వాడుమని హెచ్చరించినది. జర్మను కార్లు కొన్నింటికి ఆకుపచ్చని కృత్రిమ ద్రవము కావలెను. దానిలో ఎర్ర నూనె కలుపరాదు. ఇన్నింటిలో తన కారుకు ఏది తగునో తెలియుటకు మూడు చోట్లు చూడవచ్చును: డబ్బా మూత, కారుతో ఇచ్చిన పుస్తకము, అదే మోడలుకు తయారీదారు ఇచ్చే విడిభాగముల పట్టిక. నాలుగవ చోటు, అనగా దుకాణదారుని జ్ఞాపకము, అంత నమ్మదగినది కాదు.

రంగును నమ్ముటయు పొరపాటే. ఎరుపు నూనెలో స్వతస్సిద్ధముగా లేదు. కారినప్పుడు ఏ నూనె కారుతున్నదో గుర్తించుటకు కలిపిన అద్దకపు రంగు అది. రెండు వేరు ప్రమాణముల నూనెలు ఒకే ఎరుపులో ఉండవచ్చును. సీసా వెనుకవైపు చిన్న అక్షరములలో రాసిన ప్రమాణపు పేరే చూడవలసినది. "అన్ని వాహనములకు" అని పెద్ద అక్షరములతో ఉన్న సీసామీద కూడ, తన కారుకు చెప్పిన ప్రమాణపు పేరు ఉన్నదో లేదో చూచిన తరువాతనే కొనుట మంచిది.

ప్రమాణములలో ముఖ్యమైనది స్నిగ్ధత, అనగా ద్రవపు చిక్కదనము. గది ఉష్ణోగ్రతలో నీటి స్నిగ్ధత సుమారు ఒక సెంటిస్టోకు. డెక్స్‌రాన్ 3 రకపు నూనెకు 100 డిగ్రీల సెల్సియసు వద్ద అది ఏడు, ఏడున్నర ఉంటుంది. 2005లో వచ్చిన డెక్స్‌రాన్ 6 ఇంకను పలుచన, ఆరున్నరకు లోపు. కొత్త ప్రమాణము గనుక మేలైనదే కావలెనని అనుకొనరాదు. ఇరవై ఏళ్లు అరిగిన పంపులోను, గట్టిపడిన సీళ్ల వద్దను, పలుచని నూనె సులభముగా జారిపోతుంది. పుస్తకములో పాత ప్రమాణము ఉన్నచో ఆ ప్రమాణపు నూనెనే అడిగి తెచ్చుట మేలు. దీనికి వ్యతిరేకపు తప్పు కూడ ఉన్నది: కారుతున్నది గదా అని 20డబ్ల్యు-40 ఇంజను ఆయిలు పోయుట. అది 100 డిగ్రీల వద్ద ఏ.టి.ఎఫ్. కంటె సుమారు రెట్టింపు చిక్కన. తెల్లవారి చల్లని ఇంజనులో పంపు దానిని పీల్చుకొనలేక మూలుగుతుంది. చలిదేశములలో మైనస్ 40 డిగ్రీల వద్ద గూడ నూనె ప్రవహించవలెనని పరీక్షలు పెడతారు. మన ప్రాంతమునకు ఆ బాధ లేదు. ఇక్కడ శత్రువు వేడి.

వేడి ఎక్కడనుండి వస్తుంది? చక్రమును చివరి కొసకు తిప్పి అక్కడనే బిగపట్టినప్పుడు పిస్టనుకు కదలుటకు చోటుండదు. పంపు నూనెను తోస్తూనే ఉంటుంది. ఆ నూనె ఒక రక్షక కవాటమును నెట్టుకొని తిరిగి పంపులోనికే వస్తుంది. చేసిన పని అంతయు వేడిగా మారుతుంది. అందుచేతనే చివరి కొస వద్ద కొన్ని సెకండ్ల కంటె ఎక్కువ పట్టరాదని పుస్తకములు చెబుతాయి. రసాయన చర్యల వేగము ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. 80 డిగ్రీల వద్ద నడిచే నూనె 110 డిగ్రీల వద్ద నడిస్తే దాని ఆక్సీకరణము ఎనిమిది రెట్లు వేగమన్న మాట. ఆక్సీకరణము చెందిన నూనె నల్లబడుతుంది, ఆమ్లగుణము పొందుతుంది, జిగురు పట్టి కవాటపు సన్నని దారులను మూస్తుంది.

సాలూరు దాటి సుంకి వైపు ఎక్కే ఘాటురోడ్డులో ఈ వేడి బాగా పుడుతుంది. వంపు వెనుక వంపు, తక్కువ వేగము, ఎక్కువ తిప్పుడు, రేడియేటరుకు తగినంత గాలి లేదు. తిరుగు ప్రయాణములో కొందరు డ్రైవర్లు డీజిలు కలిసివస్తుందని ఇంజను ఆపి, గేరు తీసి బండిని దిగనిస్తారు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. స్టీరింగుకు చక్రములతో ఇనుప సంబంధము తెగదు గనుక బండి తిరుగక మానదు; కాని అప్పటివరకు వేలితో తిరిగిన చక్రము హఠాత్తుగా రెండు చేతుల బలమును అడుగుతుంది. బ్రేకుకు సాయపడే శూన్యపు ఏర్పాటు కూడ రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది. కొండ వంపులో ఈ రెండూ ఒక్కసారే బరువెక్కుట ఎంత ప్రమాదమో ఊహించుకొనవచ్చును. బెల్టు తెగినా, నూనె అంతా కారిపోయినా స్టీరింగు పరిస్థితి ఇదే. ఘాటు ఎక్కుటకు ముందు సాలూరులో ఆగి బెల్టును, నూనె మట్టమును చూచుటకు అయిదు నిమిషములు చాలు.

నూనెను మార్చవలసినది ఎప్పుడు? కొందరు తయారీదారులు గడువే చెప్పలేదు. చెప్పనిచోట 60 నుండి 80 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చుట వాడుకలో ఉన్న పద్ధతి. కాని పాత కారు విషయములో మీటరు కంటె నూనె మాటనే వినుట మంచిది. ఒక చుక్కను తెల్లని గుడ్డమీద వేసి చూడవలెను. ఎర్రగానో లేత గోధుమరంగులోనో ఉంటే సరే. నల్లగా ఉండి మాడిన వాసన కొడితే మార్చవలసినదే. మెరిసే రేణువులు కనిపిస్తే పంపు అరుగుతున్నది. నల్లని నలుసులు రబ్బరువి. పాలవలె తెల్లబడితే నీరు చేరినది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన తరువాత వంశధార వరద ఎన్నో ఊళ్లను ముంచినది. అటువంటి వరదలో బానెట్టు వరకు మునిగిన కారును ఇంజను ఆయిలుతోబాటు ఈ నూనెను కూడ మార్చకుండ నడుపరాదు. నీరు పంపును తుప్పు పట్టిస్తుంది.

మార్చు విధానము కష్టమైనది కాదు, ఓపిక కావలెను. సులభమైన పద్ధతి పెద్ద సిరంజితో డబ్బాలోని నూనెను లాగివేసి కొత్తది పోసి, కారును కొద్ది రోజులు నడిపి, మరల అట్లే చేయుట. దీని లెక్క చూడవలెను. మొత్తము లీటరు నూనెలో డబ్బాలో ఉండేది 300 మిల్లీలీటర్లనుకొంటే, మొదటిసారి తరువాత పాతది 70 శాతము మిగులుతుంది. రెండవసారికి 49, మూడవసారికి 34, అయిదవసారికి 17 శాతము. ఒక్కసారి లాగి పోసి "ఆయిలు మార్చినాము" అనుట సరికాదని ఈ అంకెలే చెబుతున్నవి. పాత నూనె ఏ రకమో తెలియనప్పుడు ఈ పద్ధతి పనికిరాదు, మొత్తము తీయవలెను.

మొత్తము తీయుటకు కారు ముందుభాగమును జాకీతో ఎత్తి స్టాండ్లమీద నిలపవలెను. జాకీని మాత్రమే నమ్ముకొని కిందకు దూరరాదు. డబ్బాకు వచ్చే తిరుగు పైపును ఊడదీసి ఒక సీసాలో పెట్టి, డబ్బా వైపు రంధ్రమునకు బిరడా కొట్టవలెను. డబ్బాలో కొత్త నూనె పోస్తూ, ఇంజను ఆపి ఉంచి, చక్రమును ఈ కొసకు ఆ కొసకు నెమ్మదిగా తిప్పితే పాత నూనె సీసాలోనికి వస్తుంది. డబ్బా ఖాళీ కానీయరాదు. అయితే గాలి లోపలికి పోతుంది. రంగు మారి కొత్త నూనె రాగానే పైపు బిగించి, క్లిప్పు సరిచూచి, మరల ఇరవై ముప్పై సార్లు చక్రము తిప్పవలెను. ఆ తరువాతనే ఇంజను స్టార్టు చేయుట. నురుగు కనిపిస్తే ఇంజను ఆపి, నురుగు అణిగేవరకు ఆగవలెను. గాలి నూనెవలె కాక నొక్కితే కుదించుకుపోతుంది. బుడగలున్న నూనె బలమును సరిగా అందించలేదు, పంపులో ఆ బుడగలు పగిలి లోహమును తినివేస్తాయి. మట్టము కొలిచేటప్పుడు మూతమీది రెండు గీతలను, చల్లనిదానికి వేరు, వేడిదానికి వేరు, గమనించవలెను.

మట్టము నెలనెలా తగ్గుతుంటే అది మార్పిడితో తీరే జబ్బు కాదు. ఈ ద్రవము ఆవిరైపోదు, ఎక్కడో కారుతున్నది. కళింగపట్నము, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో తిరిగే కార్లకు ఉప్పుగాలి ఇనుప పీడనపు పైపును తినివేస్తుంది. పైపు మలుపు వద్ద తుప్పు పొక్కి ఉన్నదేమో వేలితో తడిమి చూడవచ్చును, ఇంజను చల్లారిన తరువాత మాత్రమే. కారుట ఆపునని అమ్మే మందులు సీళ్లను ఉబ్బించి కొన్నాళ్లు నిలుపుతాయి, అంతకు మించి వాటిమీద ఆశ పెట్టుకొనుట తగదు. అరిగిన సీలు ఉబ్బి మరింత మెత్తబడిన తరువాత కారుడు ఇంకను హెచ్చవచ్చును. కారిన నూనె ఎగ్జాస్టు గొట్టముమీద పడితే మంట పుట్టే ప్రమాదము కూడ ఉన్నది.

తీసిన పాత నూనెను కాలువలో పారబోయుట, చెదలు పట్టకుండ కర్రలకు పూయుట కనిపిస్తూనే ఉంటాయి. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల కిందికి వస్తుంది. దానిని మూత బిగించిన డబ్బాలో, బ్రేకు ఆయిలుతో కలుపకుండ, ఇంజను ఆయిలు పోగుచేసి శుద్ధికి పంపే వర్కుషాపులో ఇచ్చివేయవలెను.